ఎనిమిది వందల మీటర్ల కూతురు, ఆమె తండ్రి

ఇరవై రెండేళ్ల కూతురి గురించి ఒక తండ్రి ఆరు పేజీల ఉత్తరం రాశారు. ఎనిమిదో తరగతిలో పాఠశాల పోటీల్లో ఆమె 800 మీటర్ల పరుగు గెలిచిన నాటి నుంచి ఆయనే కోచ్. పదహారో ఏట 2 నిమిషాల 9 సెకన్లలో పరుగు ముగించిన అమ్మాయి ఆ తర్వాత ఎన్నడూ ఆ టైమింగ్‌ను అందుకోలేదు. గత రెండేళ్లలో మోకాలి కింది ఎముకకు రెండుసార్లు స్ట్రెస్ ఫ్రాక్చర్ (పదేపదే పడే అదురుకు ఎముక చిట్లడం) అయింది. ఆమెను 1500 మీటర్లకు మార్చాలా, లేక 800లోనే ఉంచి మరో రెండు కిలోల బరువు తగ్గించాలా అన్నది ఆయన ప్రశ్న.

అయ్యా, 1500కు మారడం గురించి ఇంత మథనపడనక్కరలేదు. ఎముక పూర్తిగా అతికాక ఒక సీజన్ రెండు దూరాలూ పరిగెత్తి చూస్తే, తన కాళ్లు దేనికి పనికొస్తాయో ఆమెకే తెలుస్తుంది. బరువు మాత్రం ఒక్క గ్రాము కూడా తగ్గించకండి.

నేను ఆగిపోయింది మీ నాలుగో పేజీ దగ్గర. "నెలసరి ఏడాదిగా రావడం లేదని వాళ్లమ్మ అంటోంది, అది ఆడవాళ్ల విషయం కనుక నేను కలగజేసుకోలేదు" అని రాశారు. అదే పేజీలో, రోజూ ఉదయం ఆమెను ఎదురుగా నిలబెట్టి బరువు చూసి నోటుపుస్తకంలో రాస్తానని కూడా రాశారు. ఆమె శరీరం బరువెంతో తెలుసుకునే హక్కు మీకుందనుకున్నప్పుడు, ఆ శరీరం చేస్తున్న హెచ్చరికను వినే బాధ్యత మీది కాకుండా ఎలా పోయింది? ఇది చదివి నాకు చాలా కోపం వచ్చింది, ఆ సంగతి మీ దగ్గర దాచను.

చేసే శ్రమకు సరిపడా తిండి లేనప్పుడు శరీరం ముందుగా ప్రాణానికి తక్షణం అవసరం లేని పనులను ఆపుకుంటుంది. నెలసరి ఆగుతుంది, ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ పడిపోతుంది, దానితో ఎముక పలచబడుతుంది, పలచబడిన ఎముక రోజూ తగిలే అదురుకు చిట్లుతుంది. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లోనే ఈ స్థితికి ఒక పేరు పెట్టి, కోచ్‌లను హెచ్చరించింది. మేరీ కెయిన్ అనే అమెరికన్ అమ్మాయి 2013లో, పదిహేడేళ్ల వయసులో, మాస్కో ప్రపంచ ఛాంపియన్‌షిప్స్‌లో 1500 మీటర్ల ఫైనల్ పరిగెత్తింది. బరువు తగ్గాలన్న ఒత్తిడిలో మూడేళ్లు నెలసరి రాలేదని, ఐదు ఎముకలు విరిగాయని 2019లో ఆమే బయటపెట్టింది. మీ అమ్మాయికి ఇప్పటికే రెండు చిట్లాయి. కారణం ఇదేనని డాక్టరు చూడకుండా నేను తేల్చలేను గానీ, ఇది చూడకుండా ఇంకేదో వెతకడం తప్పు.

బ్రిటిష్ పరుగు వీరుడు సెబాస్టియన్ కోకు తండ్రి పీటర్ కోనే కోచ్ కదా అని మీరు గుర్తుచేశారు. నిజమే, ఆ కొడుకు 1980లోనూ 1984లోనూ ఒలింపిక్ 1500 గెలిచాడు. అయితే లఫ్‌బరో విశ్వవిద్యాలయంలో చదువుకునే రోజుల్లో ఆ కొడుకు కండబలం పెంచే శిక్షణ జార్జ్ గాండీ అనే మరో కోచ్ చేతిలో నడిచింది. మరొకరి చేయి పడితే తన తండ్రితనం తరిగిపోతుందని పీటర్ కో అనుకోలేదు.

పదహారో ఏట వచ్చిన టైమింగ్ పంతొమ్మిదో ఏట రాకపోవడం ఆడపిల్లల్లో వింత కాదు. శరీరం మారుతుంది, ఆ కొత్త శరీరానికి బలం పట్టడానికి ఏళ్లు పడుతుంది. బ్రిటిష్ రన్నర్ కెల్లీ హోమ్స్ 1983లో ఇంగ్లండ్ పాఠశాలల పోటీల్లో 1500 గెలిచి, తర్వాత పరుగు వదిలి సైన్యంలో చేరి, మళ్లీ ట్రాక్‌కు తిరిగి వచ్చి, 34వ ఏట, 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో 800, 1500 రెండింటిలోనూ స్వర్ణాలు గెలిచారు. మీ అమ్మాయికి అలాగే జరుగుతుందని ఆశపెట్టడానికి ఇది చెప్పడం లేదు. ఆమె మధ్యలో ఆపేసినా ఆ నిర్ణయం ఆమెది కావాలని చెబుతున్నాను.

మీ ఉత్తరంలో ఆమె టైమింగులు ఎన్నో ఉన్నాయి, ఆమె అన్న మాట ఒక్కటి కూడా లేదు. "ఎదురు చెప్పని పిల్ల" అని గర్వంగా రాశారు. తొమ్మిదేళ్లుగా తండ్రి చేతిలో స్టాప్‌వాచ్ ఉన్న ఇంట్లో ఏ పిల్ల ఎదురు చెబుతుంది? నొప్పి పుట్టిన రోజున మీతో చెప్పలేక ఆమె పరిగెత్తిందని నాకు బలంగా అనిపిస్తోంది. కన్నవారి మాట వినాలని నమ్మే మనిషినే నేను. కానీ పెరిగిన బిడ్డ ఒంటి మీద అధికారం ఆ మాటలో భాగం కాదు.

బరువు చూసే యంత్రాన్ని ఈ రోజే ఇంట్లోంచి తీసేయండి. మీరు శిక్షణ మానుకుంటున్నట్లు ఆమెకు మీ నోటితోనే చెప్పండి, తల్లితో కబురు పంపకండి. తర్వాత ఎవరి దగ్గర నేర్చుకుంటుందో, అసలు నేర్చుకుంటుందో లేదో, అడగకండి. ఆమే చెప్పేదాకా ఆగండి, అది నెలలు పట్టినా సరే. ఈ వారంలోనే స్త్రీ వైద్య నిపుణురాలికీ ఎముకల డాక్టరుకూ చూపించండి. లోపలికి ఆమెతో వాళ్లమ్మను వెళ్లనివ్వండి, మీరు బయట కూర్చోండి.