ఫిగరో నాటకాలు చదవకుండా ‘ద గోస్ట్స్ ఆఫ్ వెర్సాయ్’ చూడొచ్చా?

‘ఈ ఒపేరా చూడాలనుంది, దీనికి మూలమైన ఫిగరో నాటకాలు మూడూ ముందే చదవాలా?’ అని అడిగారు. అక్కర్లేదండీ. 2015లో లాస్ ఏంజెలెస్ ఒపేరా వాళ్ళు వేసినప్పుడు నేను మూడో నాటకం కథాసారం మాత్రం చదువుకుని వెళ్ళాను, హాయిగా అర్థమైంది. అసలు పద్యనాటకాలు చూస్తూ పెరిగిన మనకి పాత్రలు పాడుతూ వాదించుకోవడం కొత్తేమీ కాదు.

ఈ మూడూ రాసింది పద్దెనిమిదో శతాబ్దపు ఫ్రెంచి రచయిత బోమార్షే; ఫిగరో అందులో కౌంటు అల్మవీవా దగ్గర పనిచేసే తెలివైన సేవకుడు. మొదటి రెండు నాటకాలు రొస్సీనీ, మొజార్ట్ ఒపేరాల వల్ల అందరికీ తెలిసినవే. 1792లో వచ్చిన మూడోది ‘ద గిల్టీ మదర్’ గురించే కాస్త తెలుసుకోవాలి. అది ఇరవై ఏళ్ళ తర్వాతి కథ. కౌంటు భార్య రొసీనాకి, ఒకప్పుడు ఆ ఇంట్లో పనిచేసిన కుర్రాడు కెరుబీనో వల్ల పుట్టిన కొడుకు లియోన్. కౌంటుకి బయట పుట్టిన కూతురు ఫ్లోరెస్టీన్. వీళ్ళిద్దరికీ ప్రేమ. స్నేహితుడిలా ఇంట్లో చేరి అందరినీ ముంచాలని చూసేవాడు బెజార్స్. ఇంతే.

ఈ కథ చుట్టూ ఒపేరాకి సంగీతం కట్టిన కొరిలియానో, మాటలు రాసిన హాఫ్‌మన్ ఇంకో కథ అల్లారు. వెర్సాయ్ కోటలో అందరూ దయ్యాలే. ఫ్రెంచి విప్లవంలో తల నరికించుకున్న ఫ్రాన్స్ రాణి మారీ ఆంత్వనెత్ దిగులుగా ఉంటుంది. ఆమెను ప్రేమించే బోమార్షే దయ్యం, చరిత్రనే మార్చి ఆమెను బతికిస్తానని ఈ నాటకం ఆడిస్తాడు. కౌంటు దగ్గరున్న రాణి నెక్లెసుని ఫిగరో కొట్టేస్తాడు. తీరా దాన్ని రాణికి తిరిగివ్వమంటే ఇవ్వనంటాడు! తను రాసిన పాత్ర తన మాటే వినకపోయేసరికి రచయిత స్వయంగా నాటకంలోకి దిగాల్సి వస్తుంది. నాకు ఈ ఒపేరాలో అన్నిటికన్నా నచ్చింది ఇదే. ఫిగరోని మార్చడానికి అతను చేసే పని రాణి విచారణ చూపించడం. అక్కడ నవ్వు ఒక్కసారిగా ఆగిపోతుంది.

మొదటి అంకం చివర టర్కీ రాయబారి ఇంట్లో విందు మాత్రం కళ్ళు ఆర్పకుండా చూడండి. ఫిగరో నాట్యకత్తె వేషంలో దూరతాడు. నేను చూసిన ప్రదర్శనలో ఆ విందులో పాడే సమీరాగా అమెరికన్ నటి, గాయని పాటీ లుపోన్ గులాబీరంగు ఏనుగు బొమ్మనెక్కి వచ్చింది. హాలంతా ఒకటే గోల!

పాడేది ఇంగ్లీషే అయినా గొంతులు కలిసినప్పుడు మాటలు అందవు, కాబట్టి పైన తెర మీద వచ్చే అక్షరాలు కనబడే సీటు తీసుకోండి. దగ్గర్లో ప్రదర్శన లేకపోతే 1991లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపేరాలో మొదటిసారి వేసినప్పటి వీడియో ఉంది. మారీగా తెరెసా స్ట్రాటాస్ పాడింది. వినడానికైతే 2017లో రెండు గ్రామీలు గెలిచిన లాస్ ఏంజెలెస్ రికార్డింగు తీసుకోండి. రొసీనా, కెరుబీనో పాడుకుంటుంటే బోమార్షే, రాణి గొంతు కలిపే నాలుగు గొంతుల పాటతో మొదలుపెట్టండి.