తిరిగి వచ్చిన రాత్రి ఏం అడగాలి?

ప్రశ్న: మేము కాలిఫోర్నియాలో ఉంటున్నాం. ఫోస్టర్ కేర్‌లోని (కన్నవారి దగ్గర కాక ప్రభుత్వ సంరక్షణలో ఉన్న) పిల్లలను ఇంట్లో ఉంచుకోవడానికి గత ఏడాది అనుమతి పొందాం. మనుషుల అక్రమ రవాణా నుంచి బయటపడిన పదహారేళ్ల అమ్మాయిని తీసుకోగలరా అని కౌంటీ (జిల్లా) సంక్షేమ శాఖ వారు అడుగుతున్నారు. ఆమె ఇప్పటికే రెండు ఇళ్ల నుంచి చెప్పకుండా వెళ్లిపోయిందట. మాకు పన్నెండేళ్ల కొడుకున్నాడు. ఇటువంటి పిల్లలకు తలుపులు మూసి ఉంచే సంస్థే క్షేమం కాదా? పద్దెనిమిదేళ్లు నిండాక ఆమె పరిస్థితి ఏమిటి?
– ఒక పాఠకురాలు

జవాబు: మీ భయమంతా తాళం చుట్టూ తిరుగుతోంది కనుక ముందు దాని సంగతే చెబుతాను. ఒక తరహా మానసిక చికిత్సా కేంద్రాల్లో తప్ప, ఫోస్టర్ పిల్లలను గదిలో గానీ భవనంలో గానీ బంధించరాదని కాలిఫోర్నియా చట్టం చెబుతోంది. చట్టాన్ని పక్కన పెట్టినా, ఎప్పుడు తినాలో, ఎవరితో వెళ్లాలో మరొకరు నిర్ణయించిన బతుకు నుంచి వచ్చిన పిల్లకు తాళం వేసిన ఇల్లు పాత చెరలాగే కనిపిస్తుంది.

ఇలాంటి పిల్లలను లైంగిక దోపిడీ చేసినవాడు చాలాసార్లు ప్రియుడిగానే పరిచయమవుతాడు. ఇల్లు మారినప్పుడల్లా బడీ, స్నేహితులూ మారిపోయిన పిల్లతో ‘నువ్వు నాకు కావాలి’ అన్న మొదటి మనిషి అతడే కావచ్చు. అప్పులు, బెదిరింపులు, దాచి ఉంచిన ఫొటోలు ఆ తర్వాత వస్తాయి. అందువల్ల ఆమె మీ ఇంటి నుంచి కూడా ఒకటి రెండుసార్లు వెళ్లిపోవచ్చునని ముందే అనుకోండి, దాన్ని మీ ఆదరణకు చేసిన ద్రోహంగా లెక్కించకండి.

ఆమె కనిపించకపోతే వెంటనే సోషల్ వర్కర్‌కు, పోలీసులకు చెప్పండి. 2014 నాటి ఫెడరల్ (అమెరికా కేంద్ర ప్రభుత్వ) చట్టం ప్రకారం సంక్షేమ శాఖ ఈ సమాచారాన్ని 24 గంటలు దాటకుండా పోలీసులకు, తప్పిపోయిన పిల్లల జాతీయ కేంద్రానికి అందజేయాలి. ఆమెపైనే కేసు పెడతారేమోనని వెనుకాడనక్కర లేదు: పద్దెనిమిదేళ్లలోపు వారిపై వ్యభిచార నేరం మోపే పద్ధతి కాలిఫోర్నియాలో 2017 నుంచి లేదు. తిరిగి వచ్చాక, ఎందుకు వెళ్లిందో, బయట ఏం జరిగిందో తెలుసుకోవాలని కూడా ఆ 2014 చట్టమే చెబుతుంది. అయితే అవి శిక్షణ పొందినవారు అడగవలసిన ప్రశ్నలు. గుమ్మంలో మీరు అడగవలసింది అన్నం తిన్నావా, దెబ్బలేమైనా తగిలాయా, డాక్టరు దగ్గరకు వెళ్దామా అన్నంత వరకే. (ఆ వేళకు మన నోటికి వచ్చే మొదటి మాట ‘ఇంతసేపు ఎక్కడ తిరిగావు’ అన్నదే. దాన్ని దిగమింగడం ఎంత కష్టమో నాకు తెలుసు.)

మీ అబ్బాయి గురించిన ఆందోళన న్యాయమైనదే. ఒప్పుకునే ముందే రాతపూర్వకమైన భద్రతా ప్రణాళిక అడగండి. అర్ధరాత్రి ఫోన్ చేస్తే ఎవరు పలుకుతారో, మీకు విరామం కావలసినప్పుడు ఆమెను ఎవరు చూసుకుంటారో అందులో ఉండాలి. ఆమె గతాన్ని బంధువులకు, చివరికి మీ అబ్బాయికి కూడా వివరించకండి. మనసు సిద్ధంగా లేకపోతే ఇప్పుడే కాదనడం తప్పు కాదు. మూడు వారాలు ఉంచుకుని పంపేయడం అంతకంటే ఎక్కువ గాయం చేస్తుంది.

ఇక పద్దెనిమిది తర్వాతి సంగతి. చదువుతున్నా, నెలకు 80 గంటలైనా పనిచేస్తున్నా, ఆరోగ్యం బాగాలేక అవి చేయలేకపోయినా, కాలిఫోర్నియాలో 21 ఏళ్ల వరకు ఫోస్టర్ కేర్‌లో కొనసాగవచ్చు. ఆ వయసులో సిబ్బంది అండతో నడిచే అపార్ట్‌మెంట్లో ఉండే వీలుంది. మధ్యలో వదిలేసినా 21 నిండేలోపు మళ్లీ చేరవచ్చు. పద్దెనిమిది నిండేదాకా ఫోస్టర్ కేర్‌లో ఉన్నవారికి 26 ఏళ్ల వరకు మెడిక్యాల్ (కాలిఫోర్నియా ప్రభుత్వ ఆరోగ్య బీమా) వైద్య సదుపాయం ఉంటుంది. వీటిలో కొన్నిటికి గుర్తింపు పత్రాలు కావాలి, దోపిడీదారులు తరచూ లాక్కునేవీ అవే. అందుకని ఆమె మీ ఇంటికి వస్తే, జనన ధ్రువపత్రం, సోషల్ సెక్యూరిటీ కార్డు తెప్పించే పనిని మొదటి నెలలోనే సోషల్ వర్కర్‌తో మొదలుపెట్టించండి.