పాత మారుతి 800లో డ్రైవర్ సీటు చిరిగి కుంగిపోయింది, పైన కొత్త కవర్ తొడిగితే సరిపోతుందా?

సరిపోదండీ. రెక్సిన్ చిరగడానికి అసలు కారణం చాలాసార్లు కిందుంటుంది. ఫోమ్ నలిగిపోతే పైన గుడ్డ వదులై ముడతలు పడుతుంది, ఆ ముడతల దగ్గరే పగులుతుంది. అలాంటి సీటుకి ఎంత మంచి కవర్ వేసినా మళ్ళీ అదే చోట పోతుంది.

సీటు బోల్టులు విప్పి బయటికి తీసి, ముందు తిరగేసి చూడండి. స్ప్రింగు ఊడిందా, ఫ్రేమ్ తుప్పు పట్టిందా అన్నది అప్పుడే తెలుస్తుంది. తుప్పు గీకి రెడ్ ఆక్సైడ్ (మళ్ళీ తుప్పు పట్టకుండా వేసే ఎర్ర ప్రైమర్) పూయండి. ఫోమ్ మొత్తం మార్చక్కర్లేదు. ఎక్కువగా అరిగేది తలుపు వైపు అంచే, ఎందుకంటే దిగినప్పుడల్లా దాని మీద రాసుకుంటూ దిగుతాం. ఆ ముక్క వరకు కోసి, దాని చోట 40 డెన్సిటీ ఫోమ్ (గట్టి రకం) ముక్కని రబ్బర్ జిగురుతో అతికించండి. మెత్తటి పరుపు ఫోమ్ మాత్రం వద్దు, కొన్నాళ్ళకే అణిగిపోతుంది.

పాత కవర్ పారేయకండి! కుట్లు విప్పితే ఆ ముక్కలే కొత్త రెక్సిన్‌కి కొలత. కుట్టుకి నూలు దారం చెమటకి కుళ్ళిపోతుంది, నైలాన్ లేదా పాలిస్టర్ వాడమనండి. ఇంట్లో కుట్టు మిషన్ మీద మందపాటి రెక్సిన్ కుట్టడం కష్టం, ఆ పని సీట్లు కుట్టే షాపుకి వదిలేయడమే మేలు. తొడిగే ముందు కవర్‌ని కాసేపు ఎండలో పెడితే మెత్తబడి బిగుతుగా కూర్చుంటుంది.

చిరుగు వేలెడంతే ఉంటే ఇదంతా అక్కర్లేదు, లోపల గుడ్డముక్క పెట్టి అతికిస్తే చాలు.