ఆరు నెలలుగా సరళీ వరసలే పాడుతుంటే సాధనలో సంతోషం ఎలా దొరుకుతుంది?

మీరు రాసింది ఇదీ: నలభై దాటాక కర్ణాటక సంగీతం మొదలుపెట్టారు. త్యాగరాజ ఆరాధన నాడు ఆయన ఐదు పంచరత్న కీర్తనలనూ అందరూ కలిసి పాడే గోష్ఠిలో కూర్చుని పాడాలని కోరిక. ఆరు నెలలైనా తొలి పాఠాలైన సరళీ వరసలు దాటలేదు, ఆ రోజు ఎప్పుడొస్తుందా అన్న బెంగతో రోజూ సాధనకు కూర్చోవడమే బరువైపోతోంది.

కోరిక మంచిదండీ, వదులుకోకండి. కానీ కీర్తన పాడేటప్పుడు ఒళ్లు పులకరించేది దేనివల్ల? శ్రుతి కలిసినందుకు, తాళం నిలిచినందుకు. ఆ రెండూ మొదటి వరసలోనే ఉన్నాయి. వాటిని వినడం అలవాటు కాకపోతే కీర్తన చేతికొచ్చాక కూడా "తర్వాతి కీర్తన ఎప్పుడు" అన్న బెంగే మిగులుతుంది.

ముందు శ్రుతి, అంటే మీ షడ్జమం ("స") ఎంత ఎత్తులో ఉండాలో, చూసుకోండి. మగవాళ్లకు సాధారణంగా ఒకటి నుంచి రెండో నంబరు శ్రుతి, ఆడవాళ్లకు ఐదు నుంచి ఆరు సరిపోతుంది. కింద మంద్ర పంచమం (కింది స్థాయి "ప"), పైన తార షడ్జమం (పై స్థాయి "స") మెడ నరాలు బిగుసుకోకుండా అందితే అదే మీ శ్రుతి. ఫోన్‌లో తంబూరా పెట్టుకుంటే చిన్న స్పీకర్‌కు కలపండి, ఫోన్‌లో మంద్ర స్వరం సరిగా పలకదు. మోత మీ గొంతు కన్నా కాస్త తక్కువ ఉండాలి. ఎక్కువైతే మీ తప్పు మీకు వినబడదు.

ఇప్పుడు వరస ఎత్తుకోకుండా ఐదు నిమిషాలు ఒట్టి షడ్జమం, అకారంలో ("ఆ" అంటూ), ఒక్కో ఊపిరికి ఒక ఆవర్తనం (తాళం ఒక చుట్టు) పాడండి. గొంతు శ్రుతికి దగ్గరగా వచ్చి ఇంకా కలవనప్పుడు శబ్దంలో ఒక ఊగు తెలుస్తుంది, ఊఁ... ఊఁ... అని అలలాగా. శ్రుతిపెట్టెతో ఇది ఇంకా బాగా తెలుస్తుంది. గొంతును వెంట్రుకవాసి సర్దితే ఆ అల నెమ్మదిస్తుంది, ఇంకాస్త నెమ్మదిస్తుంది, ఆగిపోతుంది. ఆ క్షణాన గొంతు ఎక్కడ ఆగిందో, తంబూరా ఎక్కడ మొదలైందో తెలియదు. సంగీతంలో అతి పెద్ద సుఖం ఇదేనని నా గట్టి నమ్మకం. దీనికి ఆరేళ్ల సాధన అక్కర్లేదు, ఓపిగ్గా విన్న ఐదు నిమిషాలు చాలు.

తర్వాత సరళీ వరసలు పాడే రాగం మాయామాళవగౌళ. "స రి గ మ" పాడి ఆపండి, "ప ద ని స" పాడి ఆపండి. రెండింటి నడక ఒకటే: చిన్న అడుగు, పెద్ద అంగ, మళ్లీ చిన్న అడుగు. ఈ పోలిక చెవికి పట్టాక రాగం పాఠంలా ఉండదు. ఎక్కువమంది తప్పేది రిషభం ("రి") దగ్గర. ఇక్కడిది శుద్ధ రిషభం, షడ్జమాన్ని ఆనుకునే ఉంటుంది, తొందరపడితే పైకి జారుతుంది. జారిందనిపిస్తే వరస ఆపి "స రి స" అని పదిసార్లు నెమ్మదిగా పాడండి. మీరు కోరుకున్న పంచరత్నాల్లో రెండోదైన "దుడుకుగల" గౌళ రాగంలోది. గౌళ ఈ మాయామాళవగౌళ నుంచి పుట్టిన రాగమే, దాని ప్రాణం రిషభంలోనే ఉంది.

ఇక తాళం. ఆదితాళంలో మొదట నాలుగు లెక్కల లఘువు (ఒక దెబ్బ, తర్వాత చిటికెన, ఉంగరం, మధ్య వేళ్లు), ఆపైన రెండేసి లెక్కల ద్రుతాలు రెండు (ఒక దెబ్బ, ఒక విసురు). మూడో వరస తీసుకుందాం: స రి గ స | రి గ | స రి ||. మూడు స్వరాల గుత్తి ఎనిమిది లెక్కల ఆదితాళంలో ఇమడదు, అందుకని "స" చోటు మారుతూ పోతుంది. మొదటిసారి దెబ్బ మీద, రెండోసారి లఘువులో మధ్యవేలి మీద, మూడోసారి రెండో ద్రుతం దెబ్బ మీద పడుతుంది. రెండో కాలంలో, అంటే లెక్కకు రెండు స్వరాలు పాడేటప్పుడు, లఘువు నాలుగు లెక్కలకూ వరసగా స, గ, రి, స తగులుతాయి. చెయ్యి మాత్రం అదే వేగంలో నడవాలి. రెండో కాలంలో చెయ్యి కూడా పరిగెడితే అది రెండో కాలం కాదు, మొదటి కాలాన్నే గబగబా పాడినట్టు. ఈ తప్పు గొంతులో కన్నా తొడ మీద పడే దెబ్బలో ముందు దొరుకుతుంది, అక్కడ వినండి. పంచరత్నాలు అయిదూ ఆదితాళంలోనే ఉన్నాయి కాబట్టి గోష్ఠిలో మీ చెయ్యి వేయబోయేదీ ఈ ఎనిమిది లెక్కలే.

రోజుకు పాతిక నిమిషాలు చాలు. షడ్జమం ఐదు, ఒకే ఒక వరస మూడు కాలాల్లో పదిహేను, అదే వరస అకారంలో ఐదు. పద్నాలుగు వరసలూ ఒక్క బిగిన లాగించకండి, అప్పుడు చెవి మూసుకుపోతుంది, గొంతు మాత్రం పనిచేస్తుంది. సాధన బరువు కావడానికి సగం కారణం అదే.

నోటుబుక్కులో "ఎన్నో వరస" అని రాయడం మానేసి, ఆ రోజు విన్నది ఒక్క వాక్యం రాయండి: "దిగేటప్పుడు ధైవతం కిందికి పోయింది", "మూడో కాలంలో మధ్యవేలు తడబడింది". మర్నాడు దేని కోసం కూర్చోవాలో అదే చెబుతుంది. రికార్డింగు వారానికి ఒక నిమిషం చాలు. రోజూ రికార్డు చేసి నిన్నటితో పోల్చుకుంటే, పాడేటప్పుడు వినడం పోయి పరీక్ష రాస్తున్నట్టు ఉంటుంది. యూట్యూబులో పదేళ్ల పిల్లలు పాడే వర్ణాలు సాధనకు ముందు అస్సలు వినకండి.

జలుబు చేసి గొంతు పట్టేసిన రోజు కూడా మానక్కర్లేదు. తంబూరా పెట్టుకుని నోరు మూసుకుని తాళం వేయండి, వరస మనసులో నడపండి. మూడో వరసే అయితే "స" ఏ వేలి మీద పడుతోందో చూసుకోండి.