విటమిన్ సి సీరమ్ రంగు మారితే వాడవచ్చా: సమాధానం

కిటికీ పక్కన అద్దం ముందు పెట్టిన విటమిన్ సి సీరమ్ నెలన్నరలోనే నీళ్ల రంగు నుంచి ముదురు తేనె రంగుకు మారిందని, దాన్ని ఇంకా వాడవచ్చా అని మీరు అడిగారు. వాడవద్దనే నా సలహా. విటమిన్ సి, అంటే ఆస్కార్బిక్ ఆమ్లం, గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి మొదట డీహైడ్రోఆస్కార్బిక్ ఆమ్లంగా మారుతుంది. అది మళ్లీ పూర్వస్థితికి రాలేనంతగా విచ్ఛిన్నమైనప్పుడు గోధుమ రంగు పదార్థాలు ఏర్పడతాయి. వెలుతురు, వేడి ఈ చర్యను వేగవంతం చేస్తాయి కాబట్టి, పారదర్శకమైన సీసాను ఎండ తగిలేచోట ఉంచితే మూత ఎంత బిగించినా పెద్దగా ప్రయోజనం ఉండదు. లేత పసుపు అయితే కంగారు పడనక్కరలేదు, కొన్ని సీరమ్‌లు కొత్తవే అలా ఉంటాయి. మీది ఆ దశ దాటిపోయింది.

ఈసారి ముదురు రంగు గాజు సీసాలోనో, గాలి చొరబడని పంపు డబ్బాలోనో వచ్చే చిన్న పరిమాణం కొని, అలమరలో గానీ ఫ్రిజ్‌లో గానీ పెట్టుకోండి. మా ఇంట్లో అది పెరుగు గిన్నె పక్కనే ఉంటుంది.

మొటిమలకు రాత్రిపూట రాసుకుంటున్నానని మీరు చెప్పిన ట్రెటినాయిన్ (విటమిన్ ఎ రకానికి చెందిన మందు) విషయంలో మరింత జాగ్రత్త అవసరం. అది వెలుతురు తగిలితే చాలు విచ్ఛిన్నమవుతుంది, మొటిమలకే వాడే మరో మందు బెంజాయిల్ పెరాక్సైడ్ తోడైతే ఆ నష్టం ఇంకా త్వరగా జరుగుతుంది. కాబట్టి మీ వైద్యుడు ఆ రెండూ రాసి ఇచ్చి ఉంటే, ఏది ఏ పూట రాయాలో ఆయననే అడగండి. మీ దగ్గర నయాసినమైడ్ (విటమిన్ బి3 రూపం) సీసా ఉంటే దాన్ని మాత్రం ఉన్నచోటు నుంచి కదపనక్కరలేదు, అది వెలుతురును బాగానే తట్టుకుంటుంది.