ఏడాది వారంటీ ముగిశాక గోడకు చెమ్మ: బిల్డరు బాధ్యత ఎంతవరకు?

మీ ఫ్లాటు గోడకు చెమ్మ పట్టిందని, బాగుచేయమంటే ఒప్పందంలో రాసిన ఏడాది వారంటీ ముగిసిందని బిల్డరు అంటున్నారని మీరు రాశారు. కానీ మీ ప్రాజెక్టు రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ)లో నమోదైందని మీరే చెప్పారు కనుక, 2016 నాటి రెరా చట్టం 14(3) సెక్షన్ ప్రకారం నిర్మాణ లోపాలకూ, పనితనంలోని లోపాలకూ ఫ్లాటు స్వాధీనం చేసిన తేదీ నుంచి 5 ఏళ్ల వరకు ఆయనే బాధ్యులు. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (భవనంలో నివసించవచ్చని స్థానిక సంస్థ ఇచ్చే పత్రం) ఇచ్చారన్న బిల్డరు వాదన ఇక్కడ నిలవదు. అది ప్లాస్టరింగు నాణ్యతకు హామీ పత్రం కాదు.

చాలామంది వదిలేసేది ఒక్కటే: లిఖితపూర్వక నోటీసు. మీరూ సైటు ఇంజనీరుకు ఫోనులో చెప్పి ఊరుకున్నారు. లోపం బిల్డరు దృష్టికి వచ్చిన 30 రోజుల్లోగా ఉచితంగా సరిచేయాలని చట్టం చెబుతుంది కనుక, ఆ తేదీకి రుజువు మీ చేతిలో ఉండాలి.

1. స్వాధీన పత్రం తేదీ చూసుకోండి.
2. కిటికీ కింద ఉబ్బి రాలుతున్న పెయింటును, తెల్లగా పూసిన ఉప్పును తేదీతో ఫొటోలు తీయండి.
3. బాత్రూము టైల్సు మీరు మార్పించి ఉంటే నెపం మీ మీదికే వస్తుంది; కాబట్టి నీరు ఎక్కడి నుంచి వస్తోందో స్వతంత్ర సివిల్ ఇంజనీరుతో ముందే రాయించుకోండి.
4. వీటి నకళ్లతో రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపి, రసీదు దాచండి.
5. 30 రోజులు దాటినా కదలిక లేకపోతే రెరాలో ఫిర్యాదు చేయండి.