ట్రెడ్‌మిల్ మీద బీపీ 214కి వెళ్లింది, కొలెస్ట్రాలే కారణమా?

ప్రశ్న: నాకు 52 ఏళ్లు. మామూలుగా బీపీ 128/82 ఉంటుంది. ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 168. ఈమధ్య ట్రెడ్‌మిల్ పరీక్షలో బీపీ 214/84 వచ్చింది. ఈసీజీలో తేడా ఏమీ లేదన్నారు. ఇది కొలెస్ట్రాల్ వల్లేనా? నడక, జిమ్ మానేయాలా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: నడక మానొద్దు. జిమ్‌లో బరువులెత్తే పద్ధతి మాత్రం మార్చుకోండి.

వ్యాయామం చేసేటప్పుడు పై అంకె పెరగడం సహజం. కింది అంకె ఉన్నచోటే ఉంటుంది, లేదా కాస్త తగ్గుతుంది. మీకు 84 దగ్గరే ఉంది, అది మంచి సంగతి. పై అంకె మగవారిలో 210, ఆడవారిలో 190 చేరితే మోతాదు మించి పెరిగినట్టు లెక్క. ఇలాంటివారికి ముందుముందు విశ్రాంతిగా ఉన్నప్పుడు కూడా బీపీ వచ్చే అవకాశం ఎక్కువ.

కండరాలు పని అందుకోగానే రక్తనాళాల లోపలి పొర నైట్రిక్ ఆక్సైడ్‌ను వదులుతుంది, దాంతో నాళాలు వెడల్పవుతాయి. ఎల్‌డీఎల్ ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే ఆ పొర దెబ్బతిని నాళాలు సరిగా విచ్చుకోవు, క్రమంగా గోడలూ గట్టిపడతాయి. ఊరికే కూర్చున్నప్పుడు ఈ లోపం తెలియదు. గుండె మూడు నాలుగు రెట్లు రక్తం పంపేటప్పుడు బయటపడుతుంది. అలాగని నేరమంతా కొలెస్ట్రాల్ మీదే మోపలేం. పొగ, ఊబకాయం, ఉప్పు, ఒంటికి అలవాటు లేని శ్రమ కూడా కారణాలే. రోజూ రెండు పూటలా ఊరగాయ వేసుకునేవారు ఉప్పు సంగతి ముందు చూసుకోవాలి.

మొదటి 5–10 నిమిషాలు నెమ్మదిగా, తర్వాత 30 నిమిషాలు మాట్లాడగలిగినా పాట పాడలేనంత వేగంతో నడవండి. చివర్లో టక్కున ఆగొద్దు, రక్తం కాళ్లలో నిలిచి కళ్లు తిరుగుతాయి. ఊపిరి బిగబట్టి బరువెత్తితే రెండు అంకెలూ ఒక్కసారిగా ఎగబాకుతాయి. ఎత్తేటప్పుడు ఊపిరి వదలండి, దించేటప్పుడు పీల్చండి. 12–15 సార్లు తేలిగ్గా ఎత్తగలిగే బరువు చాలు.

వారం రోజులు పొద్దున్నే, టీకి ముందు బీపీ చూసుకోండి. 5 నిమిషాలు వీపు ఆనించి కూర్చుని, చేయి గుండె ఎత్తున పెట్టి, నిమిషం తేడాతో రెండుసార్లు చూడాలి. చేతికి చుట్టే పట్టీ చిన్నదైతే అంకె ఎక్కువ చూపిస్తుంది. సగటు 135/85 చేరితే డాక్టరుకు చూపించండి.

నడకతో ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని మరో రకం కొవ్వు) తగ్గుతాయి గానీ ఎల్‌డీఎల్ పెద్దగా కదలదు. 168కి కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర అవసరమా అన్నది షుగర్, పొగతాగే అలవాటు, కుటుంబ చరిత్ర చూసి మీ డాక్టరు తేల్చాలి. నడిచేటప్పుడు ఛాతీ బిగబట్టినట్టున్నా, దవడకో ఎడమ చేతికో నొప్పి పాకినా వెంటనే ఆగండి. కూర్చున్నా తగ్గకపోతే 108కి ఫోన్ చేయండి.